దుబాయ్‌లో ఉన్న తండ్రితోనూ మాట్లాడాలి

బాల్యవివాహం ఆగిందన్న వార్త మన పత్రికల్లో దాదాపు ఎప్పుడూ ఒకే తీరులో ఉంటుంది. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఎవరో ఫోన్ చేస్తారు. ఐసీడీఎస్ సూపర్‌వైజర్, పోలీసులు, రెవెన్యూ సిబ్బంది పెళ్లింటికి చేరుకుంటారు. ఆధార్ కార్డు, బడి రికార్డు తెప్పించి అమ్మాయి వయసు చూస్తారు. పెద్దలకు కౌన్సెలింగ్ ఇచ్చి, పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చేయబోమని హామీ పత్రం రాయించుకుంటారు. ఈ సిబ్బంది శ్రమను తక్కువ చేసి చూడలేం. వాళ్లు వెళ్లకపోతే ఆ పెళ్లి జరిగిపోయేదే. కానీ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, అన్నమయ్య, కోనసీమ జిల్లాల్లో గల్ఫ్ వలస ఉన్న ఇళ్లకు వెళ్లినప్పుడు వాళ్లకు ఎదురయ్యేది తల్లి, మేనమామ, తాత. సంబంధానికి ఔనన్న తండ్రి ఆ సమయానికి దుబాయ్‌లోనో షార్జాలోనో అబూ దాబీలోనో డ్యూటీలో ఉంటాడు. మన కౌన్సెలింగ్ వ్యవస్థలో ఆయనతో మాట్లాడే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. కుటుంబాన్ని ఒప్పించడమంటే నిర్ణయం తీసుకునే మనిషిని ఒప్పించడం. కాబట్టి గల్ఫ్ కుటుంబాల్లో ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగాలంటే, ఆ ప్రయత్నం మండపం దగ్గర కాకుండా పెళ్లి ఇంకా మాటగా ఉన్నప్పుడే మొదలవ్వాలి, ఊళ్లో ఉన్న తల్లితో పాటు ఎమిరేట్స్‌లో ఉన్న తండ్రినీ చేరాలి.

సమస్య పాతబడిపోయిందని అనుకోవడానికి లెక్కలు ఒప్పుకోవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లైనవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. చదువులోనూ ఆదాయంలోనూ ముందున్నామని చెప్పుకునే రెండు రాష్ట్రాలూ ఈ ఒక్క విషయంలో సగటును దాటి మెరుగ్గా లేవు. పెళ్లితో పాటే గర్భం వస్తుంది. అదే సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులయ్యారు, లేదా గర్భంతో ఉన్నారు. దేశం మొత్తం మీద ఇది 6.8 శాతం. ఎముక గట్టిపడని వయసులో కాన్పు, రక్తహీనత, తక్కువ బరువుతో పుట్టే బిడ్డ, మధ్యలో ఆగిన చదువు, సొంత సంపాదన లేని జీవితం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 1929లో శారదా చట్టం వచ్చింది, 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చింది. సుమారు వంద సంవత్సరాల చట్టం ఉండి కూడా ప్రతి నలుగురు ఆడపిల్లల్లో దాదాపు ఒకరికి పెళ్లి ముందే జరుగుతోందంటే, కేవలం నేరంగా చూసి ఆపగలిగినంత మేరకు ఆపామని, మిగిలింది కుటుంబం లోపల తేలవలసిన విషయమని అర్థం.

గల్ఫ్ కుటుంబంలో ఈ విషయం ఎలా తేలుతుందో చూడాలి. ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు నాలుగు వేల దిర్హమ్‌ల జీతం, లేదా కంపెనీ వసతితో పాటు మూడు వేల జీతం ఉండాలి. భవన నిర్మాణంలో, క్లీనింగ్‌లో, లోడింగ్‌లో పనిచేసే మన కూలీకి అది అందని మొత్తం. అందుకే సోనాపూర్, అల్ కూజ్, ముసఫా కార్మిక క్యాంపుల్లో ఉన్న తండ్రి, ఊళ్లో ఎదుగుతున్న కూతురిని ఇమోలోనో బోటిమ్‌లోనో చూస్తాడు. చట్టం ప్రకారం ఏడాదికి ముప్పై రోజుల సెలవు ఉన్నా, టికెట్ ఖర్చుకూ అప్పుకూ భయపడి రెండేళ్లకోసారి వచ్చేవాళ్లు చాలామంది. ఇంట్లో మగదిక్కు లేదు, పిల్ల ఈడుకొచ్చింది, రేపు ఏదైనా జరిగితే ఎవరు చూస్తారన్న మాట చుట్టాల నుంచి ఫోన్‌లో వస్తుంది. ఈ సెలవులో చేయకపోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి. కంపెనీ వీసా ఎప్పటిదాకా నిలుస్తుందో తెలియదు, చేతిలో జీతం ఉన్నప్పుడే ఒక బరువు దించుకోవాలనిపిస్తుంది. అమ్మాయి ఎంత చదివితే అంత చదివిన వరుడు, దానికి తగ్గ కట్నం అన్న లెక్క కూడా ఉంటుంది. ఈ కారణాల్లో ఏదీ కూతురి మీద ప్రేమ లేకపోవడం వల్ల పుట్టింది కాదు. దూరం వల్ల పుట్టిన భయం, అప్పు వల్ల పుట్టిన తొందర కలిసి పదహారేళ్ల పిల్ల లగ్గానికి ముహూర్తం పెడుతున్నాయి. భయాన్నీ తొందరనూ అరెస్టు చేయలేం. వాటితో మాట్లాడాలి.

విచిత్రమేమిటంటే మన చట్టం ఈ తండ్రిని ఇప్పటికే చూసింది. 2006 చట్టం భారతదేశం లోపలా వెలుపలా ఉన్న భారత పౌరులందరికీ వర్తిస్తుంది. పెళ్లిని ప్రోత్సహించిన, అనుమతించిన, నిర్లక్ష్యంతో ఆపకుండా ఊరుకున్న తల్లిదండ్రులకు రెండేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. మహిళలకు జైలు శిక్ష మినహాయించారు గనక జైలు బరువంతా మగవాళ్ల మీదే పడుతుంది. అంటే దుబాయ్ నుంచి ఫోన్‌లో ఔనన్న తండ్రి ఇంటికి వచ్చేసరికి నిందితుడు కావచ్చు. ఆయన బతుకుతున్న దేశంలో కూడా చిన్న వయసు పెళ్లికి తలుపు బార్లా తెరిచి లేదు. ఎమిరేట్స్ 2005 కుటుంబ చట్టం వివాహ వయసును పద్దెనిమిదిగా పెట్టి, అంతకు తక్కువైతే న్యాయమూర్తి అనుమతి తప్పనిసరి చేసింది. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా పద్దెనిమిదినే హద్దుగా ఉంచింది. ముస్లిమేతరుల కోసం 2022లో చేసి 2023 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్న పౌర వివాహ చట్టమైతే వధూవరులిద్దరికీ ఇరవై ఒకటి నిండాలంటుంది. రెండు దేశాల చట్టాలూ ఇంత స్పష్టంగా ఉన్నా, ఈ మాట తన భాషలో కూర్చుని చెప్పినవాళ్లు ఆ కార్మికుడికి లేరు. శిక్ష వేసేటప్పుడు గుర్తొచ్చే తండ్రి, నచ్చజెప్పేటప్పుడు మనకు గుర్తు రావడం లేదు.

నచ్చజెప్పడాన్ని ప్రభుత్వ వ్యవస్థగా నిలబెట్టవచ్చని ఎమిరేట్స్ అనుభవమే చెబుతుంది. 2005 చట్టం ప్రకారం అక్కడ కుటుంబ వివాదం కోర్టు గుమ్మం ఎక్కడానికి ముందు కుటుంబ మార్గదర్శక కమిటీ ముందుకు వెళ్లవలసి ఉండేది. న్యాయమూర్తి కంటే ముందు ఒక సలహాదారు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి వినేవాడు. 1992లో షేక్ జాయెద్ ఏర్పాటు చేసిన వివాహ నిధి, తక్కువ ఆదాయమున్న ఎమిరాతీ యువకులకు డెబ్బై వేల దిర్హమ్‌ల దాకా సాయం ఇస్తూ, వధువుకు పద్దెనిమిది, వరుడికి ఇరవై ఒకటి నిండాలని షరతు పెట్టింది. దాంతో పాటు పెళ్లికి ముందు శిక్షణ తరగతులూ నడిపింది. న్యాయమూర్తి అనుమతితో పద్దెనిమిదికి ముందే పెళ్లికి వీలున్న దేశం నుంచి నేర్చుకునేదేముందని అడగవచ్చు. ఆ మినహాయింపు సరైనదని ఇక్కడ ఎవరూ వాదించడం లేదు. మన చట్టంలో అలాంటి మినహాయింపు లేకపోవడమే మంచిది. నేర్చుకోవలసింది వరస గురించి. కుటుంబం విషయంలో ప్రభుత్వం మొదట సలహాదారుగా కనిపించాలి, ఆ తరువాతే కోర్టుగా కనిపించాలన్న వరస అది. మన దగ్గర బాల్యవివాహం విషయంలో ఈ వరస తిరగబడింది. పోలీసు జీపు ముందొస్తుంది, కౌన్సెలింగ్ ఆ జీపు నీడలో జరుగుతుంది. అన్నం వండి, చుట్టాలు దిగి, అప్పు తెచ్చిన డబ్బు ఖర్చైపోయిన గంటలో ఏ తల్లికి ఏ సలహా తలకెక్కుతుంది? ఆ గంటలో రాసిన హామీ పత్రం భయం తగ్గగానే కాగితంగా మిగులుతుంది, పెళ్లి ఇంకో ఊరి గుడికో పక్క రాష్ట్రానికో తరలుతుంది.

ముందే మొదలుపెట్టి ఓపికగా మాట్లాడితే తెలుగు కుటుంబాలు వింటాయనడానికి మన నేల మీదే పెద్ద నిదర్శనం ఉంది. 1991లో రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కించాలన్న సూత్రంతో ఇంటింటికీ తిరిగింది. పేదవాడికి పిల్ల సంపాదన తప్పనిసరి అన్న నమ్మకాన్ని ఆ సంస్థ అంగీకరించలేదు. తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టకుండా, పిల్లను బడికి పంపే దారి చూపిస్తే వాళ్లే ముందుకొస్తారని నమ్మింది. ఊరి పెద్దలను, టీచర్లను, యువకులను ఒక్కచోట చేర్చి, పిల్ల బడిలో ఉండడం ఊరి మర్యాదగా మార్చింది. బడిలో నిలబడిన ఆడపిల్లకు పెళ్లి మాట వెనక్కి వెళ్లింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది ఈ పనికే. ఇక్కడ కౌన్సెలింగ్ అంటే ఒక అధికారి అరగంట ఉపన్యాసం కాదు. మళ్లీ మళ్లీ వెళ్లడం, అడ్డంకి ఏమిటో వినడం, దాన్ని తొలగించడం, పిల్ల మళ్లీ బడి మానితే మళ్లీ వెళ్లడం. గల్ఫ్ కుటుంబానికి కావలసిందీ అదే, కాకపోతే ఆ వెళ్లవలసిన ఇల్లు రెండు దేశాల్లో ఉంది.

మాటలతో కడుపు నిండదు గదా అన్నది మొదటి అభ్యంతరం. ఇది తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు. బంగ్లాదేశ్ గ్రామాల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, పెళ్లి చేయకుండా ఉంచినంత కాలం కుటుంబానికి వంటనూనె ఇచ్చిన చోట చిన్న వయసు పెళ్లిళ్లు దాదాపు ఐదో వంతు తగ్గాయి. అమ్మాయిలకు కేవలం చైతన్య శిక్షణ ఇచ్చిన చోట పెళ్లి వయసు మారలేదు. అయితే డబ్బు ఒక్కటే కూడా చాలదని హర్యానా చెప్పింది. 1994లో మొదలైన 'అప్‌నీ బేటీ అప్‌నా ధన్' పథకం పద్దెనిమిది దాకా పెళ్లి కాని కూతురి పేరిట సొమ్ము ఇచ్చింది. తల్లిదండ్రులు ఎక్కువమంది ఆ సొమ్మును ఆమె పెళ్లికే దాచారు, పెళ్లి ఆలోచన మారలేదు. తెలంగాణలోని కల్యాణలక్ష్మి పథకం కూడా పద్దెనిమిది నిండాలన్న షరతుతో 1,00,116 రూపాయలు ఇస్తోంది. అది తొందరను కొంత ఆపగలదు గానీ, పద్దెనిమిది నిండిన మర్నాడు ఏం చేయాలో చెప్పదు. ఇథియోపియాలోని బెర్హానే హెవాన్ కార్యక్రమం ఈ రెండిటినీ కలిపింది. ఊరంతా కూర్చుని మాట్లాడుకోవడం, బడి సామగ్రి, పెళ్లి చేయకుండా ఆగిన కుటుంబానికి చివర్లో ఒక గొర్రె. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో పెళ్లిళ్లు పదో వంతుకు పడిపోయాయి. పదిహేను దాటిన అమ్మాయిల్లో మాత్రం ఆ ఫలితం రాలేదు. దీని నుంచి రెండు పాఠాలు తీసుకోవాలి. కౌన్సెలింగ్ చేతిలో హాస్టల్ సీటో, స్కాలర్‌షిప్పో, ఇంటర్ అడ్మిషనో ఉండాలి. అది పిల్ల ఏడో తరగతిలో ఉన్నప్పుడే మొదలవ్వాలి, పదో తరగతి ఫలితాలు వచ్చాక కాదు.

భయం లేకపోతే ఎవరూ మాట వినరన్నది రెండో అభ్యంతరం. 2023 ఫిబ్రవరిలో అస్సాం ప్రభుత్వం బాల్యవివాహాల మీద మూడు వేలమందికి పైగా అరెస్టు చేసినప్పుడు చాలామంది దాన్ని ఆదర్శంగా చూపారు. అరెస్టుల వార్తకు కొన్ని పెళ్లిళ్లు ఆగే ఉంటాయి. కానీ ఏళ్ల కిందట జరిగిన పెళ్లికి ఇప్పుడు భర్తను తీసుకెళ్తే, చంటిబిడ్డతో మిగిలింది ఎవరిని కాపాడాలని చట్టం చేశారో ఆ అమ్మాయే. 2024 అక్టోబర్ 18న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు నివారణకే ప్రాధాన్యమిచ్చింది. ఆయా సమాజాల తీరుకు తగ్గట్టు అవగాహన, శిక్షణ, స్థానిక యంత్రాంగం కావాలని చెప్పింది. చట్టం అక్కరలేదని దీని అర్థం కాదు. పిల్లను అమ్మేవాళ్లతో కౌన్సెలింగ్‌కు పని లేదు. హైదరాబాద్ పాతబస్తీలో వృద్ధ షేక్‌లకు బాలికలను కట్టబెట్టిన బ్రోకర్ల వ్యాపారం మన నగర చరిత్రలో మాయని మచ్చ. 1991లో విమానంలో ఏడుస్తున్న పదేళ్ల బాలికను విమాన సిబ్బంది గుర్తించి కాపాడినప్పుడు దేశమంతా నివ్వెరపోయింది. ఇరవై ఆరేళ్ల తరువాత, 2017 సెప్టెంబర్‌లో, ఒమన్, ఖతర్ దేశీయులతో పాటు ఖాజీలను కూడా పోలీసులు అరెస్టు చేయవలసి వచ్చింది. అది అక్రమ రవాణా. దానికి జైలే సమాధానం. కానీ ఆ బస్తీలోనూ బ్రోకరుకు తలుపు తీసే తల్లి దగ్గర ముందుగా కూర్చునే మనిషి కావాలి. జమీలా నిషాత్ నడిపే షాహీన్ లాంటి సంస్థలు అక్కడ చేస్తున్నది ఆ పనే. వ్యాపారికి చట్టం, కుటుంబానికి సలహా అన్న తేడా చెరిగిపోతే రెండూ బలహీనపడతాయి.

ఇప్పుడు పిల్లలే ప్రేమ పేరుతో వెళ్లిపోతున్నారు, పెద్దలను ఏమని లాభమన్నది ఇంకో మాట. అలా జరిగే పెళ్లిళ్లు ఉన్నాయి. అయితే ఆ భయమే ఎన్నో పెళ్లిళ్లకు కారణమవుతోంది. ఫోన్‌లో ఒక అబ్బాయి ఫొటో కనిపించిందని బడి మాన్పించి సంబంధం చూసే ఇంట్లో, పారిపోవడానికి అమ్మాయికి ఉన్న కారణాన్ని ఇంటివాళ్లే ఇస్తున్నారు. దూరంలో ఉన్న తండ్రికి ఈ వార్త పదింతలై చేరుతుంది. చుట్టాల ఫోన్ తప్ప వేరే ఆధారం లేని ఆయన అన్నిటికన్నా త్వరగా అయ్యే పరిష్కారానికే మొగ్గుతాడు. అందుకే కుటుంబ కౌన్సెలింగ్‌లో అమ్మాయి మాట విడిగా, ఇంటివాళ్లు పక్కన లేకుండా వినడం తప్పనిసరి. ఆమె ఏం చదవాలనుకుంటోంది, ఎవరిని చూసి భయపడుతోంది, ఎవరితో మాట్లాడాలనుకుంటోంది అన్నవి తెలియకుండా తండ్రికి చెప్పే ధైర్యం ఉత్తదే అవుతుంది. కూతురి మాటను ఆమె అనుమతితో తండ్రికి నమ్మకంగా చేరవేసే మూడో మనిషి ఉంటే చాలు, ఎన్నో ఇళ్లలో ఆ పెళ్లి మాట అక్కడే ఆగుతుంది.

ఇదంతా ఎవరు చేయాలి? ఎమిరేట్స్‌లో ముప్పై ఐదు లక్షలకు పైగా భారతీయులున్నారు. జీతం బకాయిలు, పాస్‌పోర్టు గొడవలు, మృతదేహాల తరలింపుతోనే కాన్సులేట్ సతమతమవుతుంటే ఈ భారం కూడా మోపుతారా అని అడగడంలో న్యాయం ఉంది. కానీ ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. కూలి పనికి వెళ్లేవాళ్ల కోసం విదేశాంగ శాఖ 2018 నుంచి ప్రయాణానికి ముందు శిక్షణ ఇస్తోంది. అందులో ఒక గంట, వెనక ఉండిపోయే కుటుంబం గురించి, ముఖ్యంగా కూతురి చదువు, పెళ్లి గురించి, తెలుగులో మాట్లాడాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, ఏపీఎన్ఆర్టీ లాంటి ప్రభుత్వ సంస్థలు ఈ పాఠాన్ని తయారు చేయగలవు. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఇప్పటికే కార్మికులకు న్యాయ సలహా, మానసిక సలహా అందిస్తోంది. అక్కడ వారానికి ఒకరోజు తెలుగు కుటుంబ సలహాదారును కూర్చోబెట్టవచ్చు. జిల్లా బాలల సంక్షేమ సమితికి ఒక కేసు వచ్చినప్పుడు తండ్రి విదేశంలో ఉంటే, ఆయనతో వీడియో కాల్‌లో మాట్లాడనిదే ఆ కౌన్సెలింగ్ పూర్తి కానట్టేనని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఒక్క ఉత్తర్వుతో నిర్దేశించవచ్చు. ఈ మాటలకూ వీసాకూ, ఉద్యోగానికీ సంబంధం ఉండదన్న భరోసా మాత్రం కచ్చితంగా ఇవ్వాలి. లేకపోతే క్యాంపులో ఒక్కరు కూడా నోరు విప్పరు. ఎమిరేట్స్‌లోని తెలుగు సంఘాలు ఉగాది, బతుకమ్మ వేడుకలను ఎంత ఘనంగా చేస్తున్నాయో అంత శ్రద్ధ దీని మీద పెడితే, అధికారులు చేరలేని గదులకు వాళ్లు చేరగలరు.

ముందుగా లెక్క కావాలి. 1897లో అచ్చయిన కన్యాశుల్కం ముందుమాటలో గురజాడ, విశాఖ మండలంలో మూడేళ్లలో జరిగిన 1,034 శుల్క వివాహాల జాబితాను ప్రస్తావించాడు. ఆనాడు ఒక సంస్థానం చేయించగలిగిన లెక్కను ఈనాటి ప్రభుత్వాలు చేయించలేకపోవడానికి కారణం కనిపించదు. ప్రతి గల్ఫ్ మండలంలో, తండ్రి విదేశంలో ఉన్న ఆడపిల్లలు ఎంతమంది, వాళ్లలో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదువు మానినవాళ్లు ఎవరు అన్నది అంగన్‌వాడీ, బడి రికార్డుల నుంచే తీయవచ్చు. ఆ జాబితాలోని ప్రతి ఇంటికీ ఏడాదికి రెండుసార్లు ఊళ్లో ఒకరు వెళ్లాలి, అక్కడ తండ్రితో ఒకరు మాట్లాడాలి. పిల్లకు పద్దెనిమిది నిండేదాకా ఆ పేరు జాబితాలోంచి తీయకూడదు. కుటుంబం కోసమే దేశం దాటిన మనిషిని ఆ కుటుంబంలో అతి పెద్ద నిర్ణయం దగ్గర ఒంటరిగా వదిలేసి, ఆ తరువాత కేసు పెట్టడం న్యాయం కాదు. ఆయన పంపే డబ్బును మన రాష్ట్రాలు ఏళ్లుగా అందుకుంటున్నాయి. ఆయన కూతురి చదువును కాపాడే బాధ్యతను కూడా రెండు ప్రభుత్వాలూ, కాన్సులేటూ ఈ ఏడాది నుంచే పంచుకోవాలి.